వేసవిలో ఆరు వారములు: వైద్యారోగ్యశాఖామాత్యులకొక బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రముల వైద్యారోగ్యశాఖామాత్యులకు,

మహోదయులారా,

తెలుగునాట వైద్య కళాశాలలకు ఇక కొదవ లేదని నేడెవరైనను ధైర్యముగా చెప్పవచ్చును. తెలంగాణము ప్రత్యేక రాష్ట్రమైన 2014 నాటికి ఐదు మాత్రమే యున్న ప్రభుత్వ వైద్య కళాశాలలు పదియేండ్లు గడచుసరికి దాదాపు జిల్లాకొకటి చొప్పున వెలసినవి; ఆంధ్రప్రదేశమున 2023వ సంవత్సరమొక్కదానియందే విజయనగరము, రాజమహేంద్రవరము, ఏలూరు, మచిలీపట్టణము, నంద్యాలలలో ఐదు కళాశాలలు ఆరంభము కాగా, మరుసటి యేట మన్యమునందలి పాడేరునకు సైతము ఆ భాగ్యము లభించినది. భవనములు కట్టించినవారిని ప్రశంసించుటకు నేను వెనుదీయను. అయితే తునికాకు కోసి, మిర్చి ఏరి, ఉపాధి హామీ పనిలో మట్టి తవ్వి పొట్ట పోసికొను కుటుంబములనుండి వచ్చు బాలబాలికలు ఆ భవనములలో నేస్థితిలో అడుగిడుచున్నారో, అసలడుగిడకమునుపే ఏల వెనుదిరుగుచున్నారో విచారించుట కూడ తమ శాఖ చేయవలసిన పనియేయని నా మనవి. ఆ విచారణ యావత్తు తిరిగి తిరిగి ఒక్క ఋతువు చెంతకు వచ్చి నిలుచును. అది వేసవి.

నేను ప్రభుత్వ వైద్య కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రమును బోధించి విశ్రాంతి గైకొన్నవాడను. రాజకీయములతో నాకు పరిచయము తక్కువ. ప్రథమ సంవత్సరపు విద్యార్థి ముఖమును చూచి వాడెచ్చటినుండి వచ్చెనో, వాని వేసవి యెట్లు గడచినదో చాల వరకు ఊహింపగల అలవాటు మాత్రము వృత్తివశమున అబ్బినది.

ఇంటర్మీడియెట్ పరీక్షలు మార్చిలో ముగియును. నీట్ పరీక్ష మే మాసపు మొదటి ఆదివారమున జరుగుట వాడుక. ఈ రెంటి నడుమనున్న ఐదారు వారములు నూట యెనుబది ప్రశ్నల ఆ పరీక్షకు ప్రాణప్రదమైనవని కోచింగు కేంద్రముల యజమానులు ఎరుగుదురు, స్తోమతగల తల్లిదండ్రులు ఎరుగుదురు. కావుననే పట్టణములలో ఆ దినములందు తెల్లవారుజామునుండి రాత్రి పదింటివరకు నమూనా పరీక్షలమీద నమూనా పరీక్షలు సాగుచుండును. సరిగా ఆ దినములలోనే పల్లెలలోని హాస్టలు తలుపులకు తాళములు పడును. ఎంపికచేసిన విద్యార్థులను పరీక్ష వరకు నిలిపియుంచి శిక్షణనిప్పించు గురుకులములు లేకపోలేదు. హైదరాబాదు చెంత గౌలిదొడ్డి సాంఘిక సంక్షేమ గురుకులమువంటివి ఈ విషయమున మంచి పేరు గడించినవి. కాని ఆ ఎంపికలో రానివారు, సాధారణ ప్రభుత్వ జూనియర్ కళాశాలలలో చదివినవారు, ట్రంకుపెట్టె నెత్తికెత్తుకొని ఇంటికి పోవలసినవారే.

ఇంటికి పోయినవాడు చదువుకొనరాదా యని తమరు అడుగవచ్చును. భద్రాచలము మన్యమునందు, ఆదిలాబాదు అడవులయందు తునికాకు సేకరణ ఏప్రిల్ చివరనో మే మొదటనో ఆరంభమగును. ఆకు ముదురకమునుపే కోయవలెను గనుక ఆ కొలది వారములలో ఇంటిల్లిపాదియు తెల్లవారకమునుపే అడవికి బయలుదేరవలసియుండును. పొద్దెక్కినపిదప ఇంటికి వచ్చి, యాబది ఆకులకొక కట్టచొప్పున కట్టి, సాయంత్రమునకు కల్లమునకు చేర్చి, కట్టల లెక్కను కార్డులో వ్రాయించుకొనవలెను. ఏడాదిలో నగదు కంటబడునది ఆ గిరిజన కుటుంబమునకు ఆ దినములలోనే. పదునేడేండ్ల పిల్లవాడు ఇంట నుండియు కట్టలు కట్టకపోయినచో లెక్కలో ఎన్ని కట్టలు తగ్గునో తల్లికి నోటి లెక్కగా తెలియును. ఆ తల్లిని నేను తప్పుపట్టజాలను. తునికాకు లేని మైదానములలో ఆ స్థానమును ఉపాధి హామీ పని ఆక్రమించును. అదియును ముమ్మరముగా సాగునది ఎండలలోనే. ఇక పరీక్షనాటి ప్రయాణమొకటి: మధ్యాహ్నము రెండు గంటలకు పరీక్ష, ఒంటిగంటన్నరకు గేటు మూయుదురు, వాగు దాటి రావలసిన ఊరి పిల్లవాడు ముందునాడే పట్టణము చేరి ఎచ్చటనో తల దాచుకొనవలెను. బస్టాండులో నిదురలేక రాత్రి గడపి వచ్చినవానికిని, ఇంటనుండి కారులో దిగినవానికిని ఒకే ప్రశ్నపత్రము నిచ్చి, దానికి సమానావకాశమని పేరు పెట్టుచున్నాము.

ఇది మొదటి చిక్కు, దీనిని ఎవరైనను ఊహింపగలరు. నేను ప్రధానముగా చెప్పదలచినది రెండవది. ఎవరి కంటను పడనిదియు, నా కంట ఏటేట పడినదియు అదియే.

పిల్లవానికి ర్యాంకు వచ్చినది, సీటును వచ్చునని తేలినది. ఫలితములు జూన్‌లో వెలువడును. కౌన్సెలింగు ముగిసి తరగతులు ఆరంభమగుసరికి శరదృతువు వచ్చుట ఇటీవలి వాడుక. ఆ నడిమి మాసములను మన ప్రభుత్వములు ఏమి చేయుచున్నవి? ఏమియు చేయుట లేదు. వైద్యుల బిడ్డ ఆ మాసములలో అక్క చదివిన చౌరాసియా శరీర నిర్మాణ శాస్త్ర గ్రంథమును తిరుగవేయును, తండ్రివెంట ఆసుపత్రికి పోయివచ్చును. కూలివాని బిడ్డ సీటు వచ్చిన సంతోషమున ఊరివారిచే శాలువ కప్పించుకొని, పత్రికలో ఫొటో వేయించుకొని, మరునాటినుండి ప్రయాణఖర్చుల నిమిత్తము నాట్లకో, తాపీపనికో పోవును. మీసేవ కేంద్రముచుట్టు కులధ్రువీకరణ పత్రమునకును, ఇంటర్నెట్టు దుకాణముచుట్టు వెబ్ ఆప్షన్లకును తిరుగుట వీనికి అదనపు విద్య. ఆ స్థితిలో వచ్చి నా ఎదుట కూర్చుండును.

అట్టివానియెదుట మేమేమి పెట్టుదుము? ఒక ఎముక పెట్టుదుము. తొడ ఎముకను చేతికిచ్చి, ఇది కుడి కాలిదా, ఎడమ కాలిదా యని మౌఖిక పరీక్షలో అడుగుట మా శాస్త్రమున అనాదిగా వచ్చుచున్న ఆచారము. చిత్రమేమన, ఇంతకంటె సులభమైన ప్రశ్న మరియొకటి లేదు. గుండ్రని తలను పైకి పట్టవలెను. వెనుకవైపున నిలువుగా దిగు గరుకుగీతను వెనుకకే యుంచవలెను. కాండపు వంపు సహజముగ ముందునకు వచ్చును. అంతట తల ఏ ప్రక్కకు వాలియున్నదో చూచినచో అది శరీరపు లోపలి దిక్కు గనుక ఎముక ఏ కాలిదో తానే చెప్పును. ఎడ్లబండి చక్రము విప్పి బిగించిన పిల్లవాడు, సెంటరింగు పనిలో కర్రలు నిలిపిన పిల్లవాడు, ఈ రహస్యమును చూపిన అరగంటలో పట్టుకొనగా నేను చూచితిని. చేతి తెలివి వీరికి కొల్లలుగా నున్నది. కాని అదే విషయమును ఆంగ్లమున, నూటయాబదిమంది నడుమ, గుక్క తిప్పకుండ నలుబది లాటిన్ పేర్లతో వల్లించునప్పుడు, వెనుక బల్లపై కూర్చున్న ఆ పిల్లవాడు మొదటి వారములోనే ఇది నావలన కాదని నిశ్చయించుకొనును. ఆంగ్ల మాధ్యమమున చదివినానని కాగితముపై యుండును. ఆంగ్లమున ప్రశ్న అడుగగా ఆంగ్లమున నోరువిప్పి బదులు చెప్పిన అనుభవము వానికి ఇంటర్ ముగియువరకు ఒక్కనాడును కలిగియుండదు. ఒక విద్యార్థిని ఎముకను సరిగా పట్టుకొనియు, కుడిదని సరిగా చూపియు, ఏ కారణమున కుడిదో చెప్పుమనగా కన్నీరు పెట్టుకొన్నది. సమాధానము ఆమె చేతిలోనే యున్నది. నోటికి మాత్రము రాలేదు.

ఇంకొక విపరీతము కలదు. రెండేండ్లపాటు నాలుగు జవాబులలో ఒకదానిని ఎంచుకొని ఓ.ఎం.ఆర్. పత్రముపై వలయము నల్లజేయుట మాత్రమే నేర్పబడినవానిని, విశ్వవిద్యాలయ పరీక్షలో గజ్జ దిగువనున్న ఫీమరల్ త్రికోణపు ఎల్లలను, అందలి నాళములను, నరమును వర్ణించి, పటము గీచి, చికిత్సయందు దాని ప్రయోజనమును వివరింపుమని అడుగుదురు. పేజీలకొలది వ్రాయవలెను. పేజీలకొలది వ్రాయుట ఎచ్చట నేర్చెను? ప్రథమ ఎం.బి.బి.ఎస్. పరీక్షకు నాలుగు పర్యాయములకు మించి కూర్చుండ వీలులేదని జాతీయ వైద్య కమిషను నిబంధన. అనగా అంత కష్టపడి సంపాదించిన సీటు ఈ ఒక్క గడపవద్దనే శాశ్వతముగ చేజారిపోవు ప్రమాదము కలదు. ఏరు దాటించెదనని పడవ నెక్కించుకొని నడియేట దింపుట వంటిది ఈ ఏర్పాటు. ఈ లోపమును కమిషను గుర్తింపకపోలేదు. 2019లో నూతన పాఠ్యప్రణాళికతోపాటు ప్రారంభ దశలో ఫౌండేషను కోర్సు నొకదానిని ప్రవేశపెట్టి, భాషకును కంప్యూటరునకును కొన్ని గంటలు కేటాయించినది. సదుద్దేశమే. కాని దానిని అందరకును ఒకే గదిలో, ఒకే తీరున, తరగతుల తొందర మొదలైన పిమ్మట నడుపుచున్నారు గనుక, అవసరము లేనివారికి కాలక్షేపమును, అవసరమున్నవారికి అవమానమును మిగులుచున్నది.

సహాయము లేక ప్రతిభ వికసింపదనుటకు మన చరిత్రలో తార్కాణమొకటి చెప్పెదను. భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు మెట్రిక్యులేషనును మూడవ ప్రయత్నమున గట్టెక్కిరి. మద్రాసు వైద్య కళాశాలలో చదువు మామగారి సహాయముతో సాగినది. ఖద్దరు ధరించి శస్త్రవిద్యాచార్యుని ఆగ్రహమునకు పాత్రులై ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టముతో సరిపెట్టుకొనిరి; కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మనిధి తోడ్పాటు లభింపగా 1922లో బోస్టను చేరి, ఆసుపత్రిలో రాత్రివేళ రోగుల మలమూత్రపాత్రలు కడుగు కొలువు చేయుచు చదివిరి. కండరముల శక్తిరహస్యమును, క్షీణింపని కీర్తిగల ఔషధములను లోకమునకొసగిన మేధావికే మామగారు, ధర్మనిధి, రాత్రి కొలువు, ఇన్ని ఊతలు కావలసివచ్చినవి; ఆయన అగ్రవర్ణమున పుట్టినవారు కూడను. ఏ మామగారును, ఏ ధర్మనిధియు లేని మాదిగ బాలునికి, కోయ బాలికకు ప్రభుత్వము కాక ఊత మరెవ్వరు?

ఊతయనగా ఏమిటో అమెరికావారు కొంత ప్రయోగము చేసి చూచిరి. అచ్చట 1910లో వైద్యవిద్యపై వెలువడిన ఫ్లెక్స్‌నర్ నివేదిక పర్యవసానముగ నల్లజాతివారి వైద్య కళాశాలలు ఏడింటిలో ఐదు మూతపడి, హోవార్డు, మెహారీలు మాత్రమే మిగిలెను. ఆ నష్టము తరతరములు వెంటాడినపిదప, రాబర్ట్ వుడ్ జాన్సన్ ఫౌండేషను 1988లో అల్పసంఖ్యాకవర్గముల విద్యార్థులకొక వేసవి విద్యాకార్యక్రమమును ఆరంభించినది. కళాశాలలో మొదటి రెండేండ్లు చదువుచున్నవారిని వేసవిలో ఆరు వారములపాటు ఒక వైద్య విశ్వవిద్యాలయమున నుంచుకొని, భోజనవసతులు ఉచితముగ కల్పించి, రసాయన జీవశాస్త్రములను, చదువు పద్ధతిని, డబ్బు లెక్కను నేర్పుచు, వైద్యులవెంట వార్డులలో త్రిప్పిరి. 2006 నాటికి దంతవైద్యమును, 2016లో నర్సింగు, ఫార్మసీ, ప్రజారోగ్యము మొదలగు ఇతర వృత్తులను అందులో చేర్చిరి. దీనిని యథాతథముగ ఇచ్చట దింపుమని నేను కోరను. అచ్చటివారు డిగ్రీ పూర్తిచేసినపిదప వైద్యవిద్యకు పోవుదురు; మన పిల్లలు పదునెనిమిదేండ్లకే నేరుగా శవపరిచ్ఛేదశాల బల్లచెంత నిలుతురు. మన వేసవికి మన అచ్చు కావలెను.

పొరుగున తమిళనాడు 2020లో ప్రభుత్వ పాఠశాలల విద్యార్థులకు వైద్యసీట్లలో నూటికి 7.5 చొప్పున ప్రత్యేకించినది. సీటు విషయమున అది సాహసోపేతమైన శాసనమే. సీటు తరువాతి సంగతికి అదియును చాలదు. మన రాష్ట్రముల సంగతి చెప్పుకొనవలెనన్న, సర్వేలులో 1971లోనే గురుకుల పాఠశాలను స్థాపించిన దూరదృష్టి మనది, ఎస్.ఆర్. శంకరన్ వంటి అధికారి దళిత బాలల చదువునకు జీవితమును ధారపోసిన నేల మనది. ఇంటర్ వరకు అంత శ్రద్ధ వహించి, ఆ పైమెట్టున చేయి వదలుట ఏమి న్యాయము?

నేను కోరునది రెండు వేసవులు. మొదటిది ఇంటర్ ప్రథమ సంవత్సరము ముగిసిన విద్యార్థులకు ఏప్రిల్ మే మాసములలో ఆరు వారములు, జిల్లాలోని ప్రభుత్వ వైద్య కళాశాలయందే. దీనిని దయచేసి మరియొక కోచింగు కేంద్రముగ మార్చనీయకుడు. జవాబుల వలయములు నల్లజేయుట నేర్పువారు చాలమందియున్నారు. పిల్లలచేత ఎముక పట్టించుడు, సూక్ష్మదర్శినిలో రక్తకణమును చూపుడు, రోగియొక్క నాడిని లెక్కింపనిండు, రోజుకొక పేజీ ఆంగ్లమున చేతితో వ్రాయించి దిద్దించుడు. ఏ విద్యను అభ్యసింపబోవుచున్నారో కన్నులార చూచినవారికి తరువాతి సంవత్సరపు శ్రమ బరువనిపింపదు. రెండవది సీటు ఖాయమైనవారికి తరగతులు మొదలగుటకు ముందు నాలుగు వారములు. ఇందులో శరీర నిర్మాణ శాస్త్రపు పరిభాషయు, దీర్ఘ సమాధాన రచనయు, మౌఖిక పరీక్షాభ్యాసమును ప్రధానములు. బోధకులుగా ప్రొఫెసర్ల అవసరము అంతగా లేదు. అవే గురుకులములనుండి వచ్చి తృతీయ, చతుర్థ సంవత్సరములు చదువుచున్నవారికిని, హౌస్ సర్జన్లకును గౌరవవేతనమిచ్చి ఈ పని నప్పగింపుడు. తానేర్చుకొన్న దారినే తమ్మునికి చూపువాని బోధ మా ఉపన్యాసములకంటె లోతుగా నాటుకొనుట నేను చూచితిని.

భోజనవసతులతోపాటు ప్రతి విద్యార్థికిని ఆ వారములకు ఉపాధి హామీ కూలికి తగ్గని భృతి నిచ్చితీరవలెను. దీనిని దుబారాయని ఆర్థికశాఖవారు కొట్టివేయబోవుదురని నాకు తెలియును; కొట్టివేయనీయకుడు. భృతి లేనిచో ఆ శిబిరమునకు కూలికి పోనవసరము లేనివారి పిల్లలే వత్తురు, పథకము పేరు పేదలది, ఫలము మరొకరిది యగును. ఇట్టి పథకములు మనకు కొత్తవి కావు.

ఒక ఆక్షేపణము వినవచ్చును: ఇంతమందిని సిద్ధపరచినను అందరకును ఎం.బి.బి.ఎస్. సీట్లెచ్చట? నిజమే, అందరకును రావు. సీటు రానివాడు బ్రతుకు వ్యర్థమైనదని క్రుంగిపోవు దుస్థితి కూడ మన కోచింగు సంస్కృతి పెట్టిన భిక్షయే. ఆసుపత్రియనగా డాక్టరొక్కడే కాడు. ఫిజియోథెరపీ, ఆప్టోమెట్రీ, డయాలిసిస్, రేడియాలజీ, ప్రయోగశాలా విద్యలకు గౌరవము కల్పించుటకే గదా పార్లమెంటు 2021లో అనుబంధ ఆరోగ్యవృత్తుల చట్టమును చేసినది. వేసవి శిబిరములో ఒక్కొక్క దినము ఒక్కొక్క విభాగమున గడపిన పిల్లవానికి ఆ దారులు పేర్లుగా కాక మనుష్యులుగా పరిచయమగును. డయాలిసిస్ యంత్రముచెంత నిలిచి రోగితో మాటలాడుచు పని చేసికొనుచున్న సాంకేతికుని చూచినవాడు దానిని ఓడినవాని వృత్తిగా ఎన్నడును తలపడు.

తొలుత రెండు చోట్ల ప్రయత్నించి చూడుడు. ఆంధ్రప్రదేశమున పాడేరును, తెలంగాణమున కొత్తగూడెమును నేను సూచించెదను. రెండును మన్యపు ముంగిటనున్నవి, రెండింటను కళాశాలయు బోధనాసుపత్రియు కలవు, చుట్టుపట్ల గిరిజన గురుకులములు కలవు. వైద్యశాఖ స్థలమును బోధకులను, సంక్షేమశాఖ విద్యార్థులను భృతిని సమకూర్చునట్లు ఇరుశాఖలు కలిసి ఒకే ఉత్తర్వు నీయవలెను. వేర్వేరు ఉత్తర్వులైనచో ఒక శాఖ నిధికై ఇంకొక శాఖ ఎదురుచూచుచుండగనే ఎండలు ముగియును. ఉత్తర్వు జనవరికి ముందే వెలువడినచో ప్రిన్సిపాళ్లు ఫిబ్రవరిలో జాబితాలు సిద్ధపరుపగలరు, తల్లిదండ్రులు తునికాకు పని ఎవరెవరు చేయవలెనో ముందుగా ఏర్పరచుకొనగలరు. ఏప్రిల్‌లో వెలువడు ఉత్తర్వు అడవికి పోయినవానిని చేరదు.

ఇట్లు విన్నవించు,
విశ్రాంత శరీర నిర్మాణ శాస్త్రోపాధ్యాయుడొకడు